కడిగిన కంచాలు కడిగే మెషీన్

"మీ ఇంట్లో ఆ రోజుల్లోనే అంట్లు కడిగే మెషీన్ ఉండేదటగా, ఎంత అదృష్టవంతురాలివమ్మా" అని ఇప్పటికీ ఎవరో ఒకరు అంటూ ఉంటారు. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అవును, ఉండేది. ముందు గదిలో, రేడియో పక్కన, లేసు గుడ్డ కప్పుకుని దర్జాగా ఉండేది. నేనేమో పెరట్లో పంపు దగ్గర పీట వేసుకుని అంట్లు తోముతూ ఉండేదాన్ని. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చెబితే ఎవరూ నమ్మరు. ఆనాడు నమ్మాల్సినవాళ్ళు కూడా నమ్మలేదు. దానివల్ల నాకు ఏం పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

డెబ్బైల్లో మేం గుణదలలో ఉండేవాళ్ళం. మా ఆయనకి ఆటోనగర్‌లో లారీల గేరుబాక్సులు బాగుచేసే షెడ్డు ఉండేది. మా అత్తగారు కంకిపాడు మనిషి. మామగారు పోయాక మా దగ్గరే ఉండేవారు. నేను ఒక ఆసుపత్రిలో నర్సుని. మామూలు వార్డు నర్సుని కాదు, ఆపరేషన్ థియేటర్ నర్సుని. ఈ తేడా మా ఇంట్లో ఎవరికీ పట్టేది కాదు. "అక్కడైనా సూదిమందేగా వేసేది" అనేవారు మా అత్తగారు. డాక్టరు నోరు తెరిచి అడగకముందే చేతిలో ఏ కత్తెర పెట్టాలో తెలియడం, కుట్లు వేసేముందు గుడ్డముక్కలన్నీ లెక్కకొచ్చాయో లేదో చూసుకోవడం, పచ్చిగాయం ముందు గంటలకొద్దీ నిలబడి చెయ్యి వణకకుండా ఉండటం నాకు వచ్చు. ఆ పని నాకు ప్రాణం. సిగ్గుపడకుండా చెబుతున్నాను, నేను దాంట్లో గట్టిదాన్ని.

ఆ ఏడు మా థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్ రిటైరవుతున్నారు. ఆ చోటు నాకే అని మేట్రన్ గారు చూచాయగా చెప్పారు కూడా. సరిగ్గా అప్పుడే నా చేతులు మొరాయించాయి. వేళ్ళ సందులు తెల్లగా నాని, పగిలి, ఎర్రబడి నీరు కారేవి. ఆపరేషన్‌కి ముందు మోచేతుల దాకా సబ్బు పెట్టి బ్రష్షుతో రుద్దుకోవాలి. పగుళ్ళున్న చేతులతో ఆ పని చేయకూడదు, చేసినా థియేటర్లోకి రానివ్వరు. చర్మం డాక్టరు గారు చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, బూడిద, సబ్బునీళ్ళు మానేస్తే వాటంతట అవే మానతాయి, అంట్ల జోలికి వెళ్ళకు అన్నారు. మేట్రన్ గారు నన్ను తాత్కాలికంగా మందుల స్టోరుకి మార్చి, "మేరీమాత తిరునాళ్ళయ్యాక చేతులు చూస్తామమ్మా. మానితే ఆ కుర్చీ నీదే. మానకపోతే నేను చెయ్యగలిగిందేమీ లేదు" అన్నారు. అప్పటికి క్రిస్మస్ ఇంకా రాలేదు. ఫిబ్రవరి తిరునాళ్ళ దాకా గడువుంది కదా అని ధైర్యంగానే ఉన్నాను.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన చెడ్డవాడని నేననను. నిజంగానే కంగారుపడ్డాడు. వారం తిరక్కుండా ఒక తెల్లదొర ఇంటినుంచి మెషీన్ తెచ్చాడు. దొరంటే పాతకాలం దొర కాదు, ఏదో ఫ్యాక్టరీకి మెషినరీ బిగించడానికి వచ్చిన ఇంజనీరు. ఆయన కారు మా షెడ్డులోనే రిపేరయ్యేది. పని ముగిసి దేశానికి వెళ్ళిపోతూ సామాన్లు వదిలించుకుంటుంటే, మా ఆయన మిగతావేవీ చూడకుండా దీన్ని లారీలో వేసుకొచ్చాడు. బీరువాలో సగం ఎత్తుంది, కింద చక్రాలు, పైన మూత. మూత తీస్తే లోపల వైరు బుట్టలు. వేడినీళ్ళు కిందనుంచి చిమ్మి కంచాలు కడుగుతుందట. నేను దాన్ని చూసిన మొదటి నిమిషంలోనే అర్థం చేసుకున్నాను. మా థియేటర్లో కత్తెరలు ఆవిరి పట్టే స్టెరిలైజర్‌కి ఇది వేలువిడిచిన చుట్టం.

"నీ చేతుల కోసమేనే" అన్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట వీధంతా పాకింది. పెళ్ళాం చేతులు కందిపోకూడదని ఫారిన్ మెషీన్ కొన్నాడట అని ఆడవాళ్ళు మొగుళ్ళని దెప్పిపొడవడం మొదలుపెట్టారు. చర్చిలో కూడా ఆయనకి మర్యాద పెరిగింది.

దాన్ని నడిపించడానికి మా ఆయన పడ్డ పాట్లు కాదనను. అది మన కరెంటుకి పనిచేసేది కాదు, దొర దేశంలో ఓల్టేజి వేరు. ఆటోనగర్‌లో చెప్పి ప్రత్యేకంగా ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాడు. మున్సిపాలిటీ పంపు పొద్దున కాసేపే వస్తుంది కాబట్టి డాబా మీద డ్రమ్ము ఎక్కించి దానినుంచి గొట్టం దింపాడు. మురికినీళ్ళ గొట్టం కిటికీలోంచి అరటిచెట్టు పాదులోకి వదిలాడు. డ్రమ్ము నింపాల్సింది ఎవరు? నేను. బిందెలతో డాబా మెట్లెక్కి. పోనీలే, బిందె మోస్తే చేతులు పగలవు కదా అనుకున్నాను.

దొర ఇచ్చిన పొడి మొదట్లోనే అయిపోయింది. మా ఆయన, సబ్బంటే సబ్బే కదా అని బట్టలుతికే పొడి గుప్పెడు పోశాడు. కాసేపటికి మూత సందుల్లోంచి నురగ పొంగుకొచ్చింది. గదంతా నిండి, గడప దాటి, అరుగు మీదనుంచి వీధి కాలవలోకి పోయింది. ఆయన స్విచ్చి కట్టేసి, నురగలో మోకాళ్ళ మీద కూర్చుని, మెషీన్‌ని పట్టుకుని "ఏమైందిరా నీకు" అని అడుగుతున్నాడు. పెళ్ళయ్యాక ఆయన నన్నెప్పుడూ అంత లాలనగా అడగలేదు. నురగంతా గుడ్డతో ఎత్తి పిండింది నేనే. ఆ రాత్రి వేళ్ళు భగభగ మండాయి. తరవాత నేనే బట్టల సోడాతో నిదానంగా ప్రయత్నించి, ఎంత వేస్తే నురగ పొంగదో పట్టుకున్నాను.

ఇక అసలు కథ. మెషీన్ తిరగడం మొదలైన మర్నాడే మా అత్తగారు పనిమనిషిని మాన్పించేశారు. "మెషీనుండగా పనిమనిషెందుకు, జనం నవ్వుతారు" అని. ఆమె ఏళ్ళ తరబడి రెండు పూటలా వచ్చి అంట్లు తోమిన మనిషి. నన్ను ఒక్క మాట అడగలేదు. అంతవరకూ ఆమె రాని రోజునే నేను తోమేదాన్ని, థియేటర్ సబ్బు రాపిడి మీద ఆ కాస్తకే చేతులు అలా పగిలాయి. ఆమె పోయింది కదా, ఇక మెషీన్ తోముతుందనుకుని రాత్రి భోజనాల కంచాలు ఎత్తి బుట్టలో సర్దబోయాను.

"ఏంటమ్మాయ్, ఎంగిలి కంచాలు ఇంట్లో పెట్టెలో దాస్తావా?" అన్నారు మా అత్తగారు.

"దాచడం కాదత్తయ్యా, కడగడానికే. పొద్దున టిఫిన్ ప్లేట్లు కూడా చేరాక ఒకేసారి తిప్పుదాం. సగం బుట్టకి నీళ్ళూ కరెంటూ దండగ."

"రాత్రంతా ఎంగిలి మెతుకులు ముందుగదిలో ఉంచుతావా? ఇంట్లో పీడ పట్టుద్ది. కడిగి పెట్టుకో."

మా రెండు కుటుంబాలూ తాతల నాడే జ్ఞానస్నానం పొందినవి. వాళ్ళ పాత దేవుళ్ళూ పాత నోములూ అన్నీ పోయాయి, ఎంగిలి పట్టింపు మాత్రం ఏ ఫాదరూ వదిలించలేకపోయారు. తిన్న చెయ్యి కంచం మీద ఎండకూడదు, ఎంగిలి కంచం గడప లోపల ఉండకూడదు. నీ కంచం కడిగిన నీళ్ళే నా కంచం మీద పడతాయా అని ఆవిడ ఇంకో సందేహం. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఎంగిలి గురించి పట్టించుకునే మనిషి కాదు. ఆయన బాధ వేరు.

"అమ్మ చెప్పిందీ నిజమే. పులుసూ జిడ్డూ లోపలికి పోతే మడ్డి పట్టుద్ది. మళ్ళీ దీని పార్టులు ఈ దేశంలో దొరకవు. కొంచెం పైపైన కడిగి పెట్టవే" అన్నాడు.

పైపైన. ఆ పైపైన ఏమిటో ఎవరైనా చెబితే వినాలని ఉంది. బూడిదా కొబ్బరిపీచూ పెట్టి తోమి, రెండు నీళ్ళు పోసి, గుడ్డతో తుడిస్తే గానీ ఆయన బుట్టలో పెట్టనిచ్చేవాడు కాదు. కంచాన్ని బల్బు వెలుతురుకి పట్టి చూసేవాడు. అంచున మెతుకు అంటుకుని ఉంటే తిప్పి పంపేవాడు. అలా నేను కడిగిన కంచాల్ని మెషీన్ ఇంకోసారి కడిగేది. తరవాత దాని అడుగున ఉన్న జల్లెడ విప్పి శుభ్రం చేయాలి. దాంట్లో ఏముంటుంది నా మొహం? ఏమీ ఉండదు. అయినా విప్పి, తోమి, ఆరబెట్టి, బిగించాలి. రబ్బరు అంచు సోడానీళ్ళతో తుడవాలి. పైన తెల్లరంగు పసుపెక్కకుండా రుద్దాలి. చివరికి లేసు గుడ్డ ఉతికి ఇస్త్రీ చేసి కప్పాలి. ఒకప్పుడు ఇంటిల్లిపాది అంట్లే ఉండేవి. ఇప్పుడు ఆ మెషీన్ కూడా ఇంకో అంటు అయి కూర్చుంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో నాకు ఆ శీతాకాలంలో తెలిసింది.

అడగలేదా అంటే అడిగాను. "ఏవండీ, ఇది నా చేతుల కోసం తెచ్చారా, నా చేతులు దీనికోసం తెచ్చారా?" అన్నాను ఒకసారి. ఆయన నొచ్చుకున్నాడు. "ఎవడు తెస్తాడే ఇట్టాంటిది పెళ్ళానికి" అన్నాడు. నిజమే, ఎవడూ తేడు. అందుకే నోరెత్తడానికి వీల్లేకపోయింది. కొట్టే మొగుడి మీద ఊరికి చెప్పుకోవచ్చు. మెషీన్ కొనిచ్చిన మొగుడి మీద ఎవరికి చెప్పుకుంటారు?

చూడటానికి జనం రావడం మొదలైంది. ఆటోనగర్ నుంచి షెడ్ల వాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు, చర్చివాళ్ళు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు. రాగానే మా ఆయన లోపలికి కేకేసేవాడు, "ఇదిగో, నాలుగు కంచాలు పట్రా" అని. నేను గూట్లోంచి మంచి కంచాలు తీసేదాన్ని. వాటిమీద కాస్త దుమ్ము ఉంటుందేమోనని కడిగి మరీ తెమ్మనేవాడు. కడిగిన కంచాలు పెట్టి, మీట తిప్పి, గుర్రుమని తిరుగుతుంటే అందరూ చెవులు ఆనించి వినేవారు. మూత తీయగానే ఆవిరి లేచేది. "అబ్బో, అద్దంలా ఉన్నాయండీ" అనేవారు. అద్దంలా ఎందుకుండవు? నేను తోమాను కాబట్టి ఉన్నాయి. వాళ్ళు తాగిన టీ గ్లాసులు మాత్రం పెరట్లోకి, నా దగ్గరకి వచ్చేవి.

తిరునాళ్ళు వచ్చాయి. గుణదలలో కాపురమున్నవాళ్ళకి అవి ఎలా ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. మేరీమాత కొండెక్కడానికి వచ్చిన చుట్టాలందరికీ మనిల్లే సత్రం. కంకిపాడు నుంచి మా అత్తగారి వైపువాళ్ళు బండ్లు కట్టుకుని దిగారు. ఒక బంతి లేస్తే ఇంకో బంతి. నా చేతులు అప్పటికి పిడికిలి బిగిస్తే చిట్లేలా ఉన్నాయి. ఇంకో వారంలో మేట్రన్ గారు చూస్తానన్న రోజు.

మధ్యాహ్నం మొదటి బంతి లేవగానే నేను మనసు గట్టి చేసుకున్నాను. విస్తరాకులు అయిపోయి అందరికీ కంచాలే పెట్టారు. ఆ కంచాల్లో ఎముకలూ కరివేపాకూ చెత్తబుట్టలోకి దులిపి, థియేటర్లో ట్రేలు సర్దినట్టు ఒక్కోటీ బుట్టలో నిలబెట్టాను. మూత వేసి మీట మీద చెయ్యి వేశానో లేదో, మా అత్తగారు వచ్చి మూత ఎత్తారు.

"పండగ పూట, చుట్టాలందరూ చూస్తుండగా, ఎంగిలి తీసుకొచ్చి నట్టింట్లో పెడతావా?"

"నా చేతులు చూడండత్తయ్యా. ఈ వారం నీళ్ళలో పెడితే నా ఉద్యోగం పోద్ది."

"ఉద్యోగం ఎక్కడికి పోద్దమ్మా, జీతం వస్తానే ఉందిగా" అన్నారు ఆవిడ. అని, చుట్టాల ఆడవాళ్ళని పిలిచి, కంచాలన్నీ ఒక్కొక్కటే తీయించి పెరట్లో వేయించారు. మా ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. "ఈ మూడు రోజులూ ఓపిక పట్టవే. ఇంతమంది ఎంగిలి పడితే అది తట్టుకోదు" అన్నాడు. మెషీన్ తట్టుకోదట. నేను తట్టుకుంటాను.

చుట్టాలు నీళ్ళు తోడిపెట్టారు గానీ, సిటీ పంపు దగ్గర మాకు అలవాటు లేదమ్మా అని ఒకరి తరవాత ఒకరు కొండకి బయలుదేరారు. నేను తోమాను. తోముతూ ఉంటే చింతపండు పులుపు పగుళ్ళలోకి దిగి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఏడుపు కాదు, ఒట్టి కోపం.

అప్పుడే ముందుగదిలోంచి ఆయన కేక వినిపించింది. కొండ దిగి వెళుతూ మేట్రన్ గారు మా ఇంటికి వచ్చారు. ఆవిడ కూడా మెషీన్ గురించి విన్నారట. "కంచాలు పట్రా" అన్నాడు. అప్పుడే తోమిన కంచాలు నీళ్ళోడుతూ తెచ్చాను. ఆయనే అందుకుని సర్దాడు. ఆవిడ ముందు ఆయన పరువు తీయలేక నేను పవిట చెంగు కింద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. ఆయన కరెంటు గురించి, వేడినీళ్ళ గురించి, దొర గురించి చెప్పుకుపోతున్నాడు. "మా ఆవిడకి డాక్టరు గారు అంట్లు ముట్టుకోవద్దన్నారండీ, అందుకే తెచ్చా" అన్నాడు. మూత తీశాక మేట్రన్ గారు ఒక కంచం చేతిలోకి తీసుకుని తన మొహం చూసుకుని, "మీలాంటి భర్త దొరకాలంటే పెట్టి పుట్టాలండీ" అన్నారు. నా భుజం తట్టి వెళ్ళిపోయారు.

వారం తరవాత ఆసుపత్రిలో మేట్రన్ గారి గదిలో నా చేతులు బల్ల మీద చాపాను. చర్మం డాక్టరు గారు చూసి పెదవి విరిచారు.

"తగ్గకపోగా ముదిరిందే. అంట్లు మానమన్నాను కదా."

"మానేసిందండీ" అన్నారు మేట్రన్ గారు నాకన్నా ముందు. "వాళ్ళింట్లో మెషీనుంది. స్వయంగా నా కళ్ళతో చూశాను."

"అలాగైతే ఇది సబ్బువల్ల వచ్చింది కాదు. ఒంట్లోనే ఉంది. మానినా మళ్ళీ మళ్ళీ వస్తుంది" అన్నారాయన.

నేను చెప్పాను. దాచలేదు. "ఆ మెషీన్లో కడిగినవే పెడతామండీ. ముందు నేనే తోముతాను" అన్నాను. ఇద్దరూ నా మొహంలోకి చూశారు. మేట్రన్ గారు నవ్వారు, కోపంతో కూడా కాదు, జాలిగా. "ఇంట్లో మెషీన్ పెట్టుకుని చేత్తో ఎవరు తోముకుంటారమ్మా? ఆ కుర్చీ కోసం ఇట్టాంటి మాటలు చెప్పకు. ఆయనెంత మంచివాడో నేను చూశాను కదా" అన్నారు. రోగుల ప్రాణాలతో పని, అనుమానం ఉన్న చేతుల్ని థియేటర్లో ఉంచలేమన్నారు. దాంట్లో తప్పు పట్టడానికి లేదు. ఆ చోట నేనున్నా అదే చేసేదాన్ని. నా మంటంతా అక్కడే. నా చేతుల మీద కళ్ళెదురుగా పగుళ్ళున్నాయి, అవి అబద్ధమయ్యాయి. కడిగిన కంచాల మీద లేచిన ఆవిరి నిజమైపోయింది. నన్ను స్టోరులోనే శాశ్వతంగా వేశారు.

ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో షెడ్డు పక్కన స్పేర్ పార్టులమ్మే ఆయనా వాళ్ళావిడా కూర్చున్నారు. మా ఇంట్లోనే చేపల పులుసుతో భోంచేసి లేచినట్టున్నారు. మా ఆయన నన్ను చూడగానే, "మంచి టైముకొచ్చావ్. నాలుగు కంచాలు కడిగి పట్రా, వీళ్ళు మెషీన్ చూస్తారంట" అన్నాడు.

నేను చెప్పులు కూడా విప్పలేదు. పెరట్లోకి వెళ్ళి, పంపు దగ్గర నాకోసం వేసి ఉంచిన, వాళ్ళు తిన్న కంచాలే తెచ్చాను. పులుసు, ముళ్ళు, మెతుకులు, వేళ్ళ గీతలు, అన్నీ ఉన్నాయి. ముళ్ళు మాత్రం దులిపేసి, లేసు గుడ్డ లాగి పక్కన పడేసి, కంచాల్ని బుట్టలో నిలబెట్టాను. మా అత్తగారు "అమ్మాయ్" అంటూ లేచారు. "కూర్చోండత్తయ్యా" అన్నాను. ఆ గొంతు నాదని నాకే తెలియలేదు. ఆవిడ కూర్చున్నారు. మా ఆయన పరాయివాళ్ళ ముందు మొహాన నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు.

"ఇది అంట్లు కడిగే మెషీనండీ" అన్నాను ఆ వచ్చినవాళ్ళతో. "ఇంతవరకూ దీంట్లో అంటు పడలేదు. ఇంట్లో అంట్లన్నీ నేను తోమాను, ఇదిగో ఈ చేతులతో. ఇవాళ నన్ను థియేటర్లోంచి తీసేశారు. ఇంక నేను తోమను. ఇది తోముద్దో లేదో మీరే చూసి చెప్పండి."

మీట తిప్పాను. కిటికీ అవతల అరటిపాదులోకి పసుపుపచ్చ నీళ్ళు పడ్డాయి. ఆగాక మూత తీశాను. కంచాలు శుభ్రంగా ఉన్నాయి. వచ్చినావిడ ఒకటి తీసుకుని వాసన చూసి, నీచు లేదంది. మా ఆయన గొంతు సవరించుకుని, "అదీ మెషీనంటే" అన్నాడు వాళ్ళతో.

ఆ రోజునుంచి ఆ ఇంట్లో నేను అంటు ముట్టలేదు. మా అత్తగారు నాలుగు రోజులు కంచం మానేసి ఆకులో తిన్నారు, ఐదో రోజున ఆవిడే కంచం తెచ్చి బుట్టలో పెట్టారు. మెషీన్‌కి మడ్డీ పట్టలేదు, మన్నూ పట్టలేదు. వారానికోసారి జల్లెడ విప్పితే ఇప్పుడు దాంట్లో నిజంగానే కరివేపాకూ మునక్కాడ పీచూ ఉండేవి. దాన్ని మా ఆయనే కడిగేవాడు.

ఎండలు ముదిరేసరికి నా చేతులు పూర్తిగా మానాయి. గీత కూడా మిగల్లేదు. తీసుకెళ్ళి మేట్రన్ గారికి చూపించాను. ఆవిడ అద్దాలు పెట్టుకుని రెండు వైపులా తిప్పి చూశారు. ఎంతో సంతోషించారు కూడా.

"ఏం మందు వాడావమ్మా? చాలా మందికి పనికొస్తుంది."

"అంట్లు తోమడం మానేశానండీ."

"అదేంటమ్మా, మీ ఇంట్లో మెషీన్ అప్పుడూ ఉందిగా" అన్నారు ఆవిడ.

థియేటర్ తలుపు అవతల కొత్త ఇన్‌చార్జి ఎవరికో ట్రే సర్దడం నేర్పుతోంది. నాకన్నా చిన్నది, నా దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయి. నేను ఆ రోజు రావాల్సిన సెలైన్ సీసాల పెట్టె సంతకం పెట్టి తీసుకుని, స్టోరులో పై అరలో సర్దాను.